రెండో గది లేచిన రోజు

"కూర్చో అమ్మాయ్, ముందు ఆ టీ తాగు. మొహం చూడు, ఎలా పాలిపోయిందో! పరీక్షకని ఇవాళ మార్కెట్ మూశాక పెద్ద స్విచ్ లాగాలి, అంతేగా? మొదటి గదిలో కంప్యూటర్ మిషన్లన్నీ ఆగిపోతాయి, రెండో గదిలోవి లేచి పని అందుకుంటాయి. లేవకపోతే నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ ఊడతాయని మన కంపెనీ పెద్దాయన అన్నాడా? అననీ. ఆ రెండు గదుల ప్లానూ గీసిందెవరు? ఈ బాబాయ్!"

షేర్ల కంపెనీ ఎదురుగా ఉన్న టీ కొట్టులో ఆయన అందరికీ బాబాయే. వెనకాల మాత్రం కోతల బాబాయ్ అంటారు. స్విచ్ లాగాల్సింది కొత్తగా చేరిన ఇంజనీరు అమ్మాయి. గ్లాసు ముట్టుకోకుండా కూర్చుంది. పక్కన కంపెనీ క్యాషియరు బిస్కెట్ ముంచుకుంటున్నాడు.

"పోయినేడాది ఓ సోమవారం ఏదో పుకారు పుట్టింది. జనం ఎగబడి అమ్మడం మొదలెట్టారు. ఆర్డర్ల మీద ఆర్డర్లు! నేనేం చేశాను? రెండు మిషన్లు అదనంగా కలిపాను. చిన్న పనే. గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదు."

"మాకు తెలియదా!" అన్నాడు క్యాషియరు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవీ చాల్లేదు. అయితే నేను ముందే ఓ ఏర్పాటు చేసిపెట్టాను కదా, బరువు పెరిగితే మిషనే ఇంకో మిషన్ని పిలుచుకుంటుంది. పిలిచింది. వచ్చినది ఇంకోదాన్ని పిలిచింది. గది నిండిపోయింది. వరండాలోకొచ్చాయి. మెట్ల మీదా అవే, లిఫ్టులోనూ అవే. పెద్దాయన కుర్చీలో ఒకటి కూర్చుంటే ఆయన లేచి నిలబడ్డాడు, పాపం."

"నడిచి వచ్చాయా బాబాయ్?" అన్నాడు టీ కొట్టాయన.

"నడిచాయో పాకాయో చూసే తీరికేదయ్యా? ఆ రొదకి కిటికీ అద్దాలు వణుకుతున్నాయి. అదంతా ఒక ఎత్తు. ఉన్నట్టుండి తెర మీద చూద్దును కదా, జనం మీట నొక్కకముందే ఆర్డర్లు వచ్చేస్తున్నాయి! మనిషి మనసులో అనుకోగానే ఇక్కడ అమ్మకం అయిపోతోంది. ఇంకాసేపటికి అనుకోనివి కూడా! అన్నీ రేపటి ఆర్డర్లు!"

అమ్మాయి ఆయన వైపు తిరిగింది. "మీకు భయం వేయలేదా?"

"వేయకుండా ఎలా ఉంటుందమ్మా? అందులో నాదొకటుంది. నా షేర్లన్నీ అమ్మెయ్యమని నేనే పెట్టాను. ఎందుకు అమ్ముతాను నేను? రేపు నాకేమవుతుందని? అదే క్షణాన రొద ఆగింది. దీపాల్లేవు, ఒక్క ఫ్యాను తిరగట్లేదు. మిషన్ల గదిలో చప్పుడు లేకపోవడమంటే అన్నీ చచ్చినట్టే, నీకు తెలుసు కదా?"

అమ్మాయి తెలుసన్నట్టు తలూపింది. బిస్కెట్ టీలో విరిగిపడినా క్యాషియరు చూసుకోలేదు.

"చీకట్లో తడుముకుంటూ పోయి ఈ చేత్తోనే ఆ పెద్ద స్విచ్ పిడి లాగాను. రెప్ప వేసేలోపు రెండో గది లేచింది! ఒక్క ఆర్డరు తప్పిపోలేదు. తప్పడం మాట అటుంచు, ఆ నెల మొత్తం ఆర్డర్లు అప్పుడే తీర్చేసింది. మిగతా రోజులు ఊరికే ఆవులిస్తూ కూర్చుంది."

టీ కొట్టాయన పకపకా నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు.

"బాబాయ్, రెండో గది పోయినేడాదే లేచి ఉంటే, లేస్తుందో లేదో చూడటానికి ఇవాళ ఈ పరీక్ష ఎందుకు?"

బాబాయ్ ఎదురుగా ఉన్న కంపెనీ మేడ వైపు తల తిప్పేశాడు.

"ఆ పిడి ఎవరూ ఎప్పుడూ లాగలేదు, అంతేనా?" అంది అమ్మాయి.

"ఎవరికి ధైర్యం ఉంటుందమ్మా? నడుస్తున్న బండిని ఆపితే మళ్లీ కదులుతుందో లేదో అని అందరికీ భయమే. కాగితం మీద మాత్రం లేస్తుంది."

మార్కెట్ మూసిన గంట మేడలోంచి వినిపించింది. గుమాస్తాలు ఒక్కొక్కరే బయటికొస్తున్నారు. అమ్మాయి లేచి, చున్నీ సర్దుకుంది.

"నాకూ భయమే బాబాయ్. అయినా పిడి నేనే లాగుతాను. మీరు రెండో గదిలో నిలబడండి. లేచిందో లేదో కేక వేసి చెప్పండి."

బాబాయ్ లేచాడు. లేచినవాడు బల్ల అంచు పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు.

"నేను నీ పక్కనే నిలబడితే కుదరదా అమ్మాయ్? అది లేవకపోతే, చప్పుడు లేని ఆ గదిలో ఒక్కణ్ణే ఉండలేను."