ముందు రెక్క

ఖిలా వరంగల్ అవతలి రేకుల షెడ్డులో, తమ్ముడు సొంతంగా కట్టుకున్న చిన్న విమానం ఎప్పటిలాగే ముక్కు నేలకానించి నిలబడి ఉంది. అక్క దాని ముక్కు దగ్గరుండే చిన్న ముందు రెక్క మీద గొడ్డలితో ఒక్కటి వేసింది.

“అక్కా, పిచ్చిలేసిందా? ఏండ్ల కష్టమది!”

“మీ బావది గూడ కష్టమే, ఇసొంటిదే కట్టిండు. ముందు రెక్క వానల తడిసి, ముక్కు కిందికి వంగి, మరిపెడ కాడ పత్తి చేన్ల కూలిండు. ముక్కలేరింది నేను.”

“నేను వానల ఎగరనే. ఒట్టు!”

“ఆయన గూడ ఒట్టేసిండు. జరుగు!”

తమ్ముడు రెక్క మీద చెయ్యి పరిచాడు.

“ముందుగాల దీన్ని నరుకు.”

“మంచిది. చెయ్యి లేనోడు ఎట్ల ఎగురుతడు?”

ఆమె గొడ్డలి ఎత్తింది. గొడ్డలి దిగుతుంటే చెయ్యి లాక్కున్నాడు. వేలి చర్మం చీలింది, రెక్క రెండు ముక్కలైంది.

“చూసినవా? నీకూ బతకాలనే ఉన్నదిరా,” అంటూ అక్క కొంగు చింపి వేలికి కట్టింది.