లాప్‌టాప్‌లో అరవై నలుగురు నర్సులు

"చిన్న పనే బాబాయ్, అసలు చెప్పుకోవాల్సింది కూడా కాదు, నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా. మన టైలరక్క లాప్‌టాప్ శుక్రవారం చచ్చిపోయిందా, షాపువాడు చూసి పెదవి విరిచేశాడా, ఇంకెవరి దగ్గరికి వస్తుంది, నా దగ్గరికే వచ్చింది. వారమంతా నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణే, కాదనను. కానీ శని ఆదివారాలు మాత్రం నా ముందు లినక్స్ మాటెత్తేవాడు కాస్త ఆలోచించుకుని ఎత్తాలి. లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్ని నడిపించేది, పైసా ఖర్చులేదు. ఒక పెన్‌డ్రైవ్‌లో అది ఎక్కించి గుచ్చాను. పదే పది నిమిషాలు. లేచి కూర్చుంది."

సోమవారం పొద్దున్నే టీకొట్టు బెంచీ మీద ఒక కాలు మడిచి పెట్టుకుని, కొట్టు బాబాయ్‌తో ఇలా మొదలెట్టాడు లిఫ్టు మెకానిక్. పక్కన అతని మామగారు, కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, నెమ్మదిగా టీ తాగుతున్నారు. ఎదురుగా టైలరక్క. ఆమె చేతిలో టీ చల్లారిపోతోంది. ఆస్పత్రిలో అరవై నలుగురు నర్సుల యూనిఫారాల కొలతలన్నీ ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఒకరిది పగలు డ్యూటీ, ఒకరిది రాత్రి డ్యూటీ, వాళ్ళందర్నీ పట్టుకుని కొలవడానికే మూడు వారాలు పట్టింది. ఇవాళ గుడ్డ కత్తిరించడం మొదలెట్టకపోతే ఆ పని ఇంకో షాపుకి పోతుంది.

"తమ్ముడూ, నా కొలతలు ఉన్నాయా లేవా?" అంది.

"అదే చెప్తున్నా అక్కా, మధ్యలో అడ్డం రాకు. ఇదివరకు అది ఆన్ కావాలంటే బటన్ నొక్కి, స్నానం చేసి రావాల్సొచ్చేదా? లినక్స్ వేశాక నలభై సెకన్లు. నేను అంతటితో ఊరుకుంటానా? లోపల అక్కర్లేనివన్నీ పీకేశాను. ఇరవై సెకన్లు. ఇంకా పీకాను. ఐదు. ఇంకాస్త పీకేసరికి ఏమైందో తెలుసా? బటన్ నొక్కకముందే ఆన్ అయిపోతోంది! నొక్కుదామా అని మనసులో అనుకుంటానో లేదో, టప్పున వెలుగుతోంది. ఇలాగైతే మనిషికి మర్యాదేముంటుంది అని, కాస్త ఆగి లేవమ్మా అని దానికోసం వేరే కమాండ్ రాయాల్సొచ్చింది."

"మాటలు కోటలు దాటుతున్నాయి అబ్బాయ్," అన్నాడు టీకొట్టు బాబాయ్, పాలు కలుపుతూ.

"నా మాట నమ్మవా? మావయ్యగారు పక్కనే ఉన్నారు, అడుగు. ఏం మావయ్యగారూ?"

మామగారు టీ ఊదుకున్నారు.

"ఆయన మాట్లాడరులే, మెత్తని మనిషి. సరే విను. లినక్స్ పక్కవాటికి కూడా అంటుకుంటుంది బాబాయ్. గంట తిరిగేసరికి మా వాషింగ్ మెషీన్‌కి పాకింది. అది బట్టలు ఉతికి, పిండి, నాకు బిగుతైపోయిన చొక్కా ఒక్కటీ బయట పడేసి, ఇది ఇంక నీకెందుకయ్యా అన్నట్టు తలుపేసుకుంది. అక్కణ్ణించి గోడ దాటి లిఫ్టులోకి! పదిహేనేళ్ళుగా లిఫ్టుల్లో బతుకుతున్నానా, ఇలాంటిది చూసి ఎరగను. మాది ఐదంతస్తుల బిల్డింగే కదా, నిన్న సాయంత్రం మా లిఫ్టు ఆరో అంతస్తుకి వెళ్ళొచ్చింది!"

"ఆరో అంతస్తులో ఏముందట?"

"తలుపు తెరుస్తేగా తెలిసేది! లోపల్నించి ఎవరో 'ఇళ్ళు ఖాళీ లేవు' అని కేకేశారు."

టైలరక్కకి కూడా నవ్వొచ్చింది గానీ వెంటనే ఆపుకుంది. "నీ లిఫ్టు సంగతి తర్వాత. నా కొలతల సంగతి చెప్పు నాయనా, కత్తెర పట్టుకోవాలి నేను."

"వస్తున్నా, వస్తున్నా. ఇంతలో ఫోను! ఎక్కడో సముద్రాల అవతల్నించి. 'అయ్యా, తమరేదో కమాండ్ కొట్టారట, ఇక్కడ మా కంప్యూటర్లన్నీ లేచి నిలబడ్డాయి, కూర్చోమని చెప్పండి మహాప్రభో' అని ఒకటే గోల. ఇప్పుడు అక్క పనిలో ఉన్నాను, సాయంత్రం దాకా నిలబడనివ్వండి అని పెట్టేశాను. ఇక నీ కొలతలంటావా అక్కా, అసలు విశేషం అక్కడే ఉంది. ఉన్నవి ఉన్నట్టు చూపిస్తే లినక్స్ గొప్పేముంది? అన్నీ చదువుకుని, ఈ మూడు వారాల్లో ఎవరెంత లావయ్యారో, ఎవరెంత చిక్కారో లెక్కకట్టి, తనే సరిచేసేసింది! ఒకావిడకి నడుం రెండంగుళాలు పెంచింది. హెడ్ నర్సుకి చెయ్యి పొడుగు తగ్గించింది..."

టైలరక్క మొహం పాలిపోయింది. గ్లాసు బెంచీ మీద పెట్టేసింది.

"మార్చేశావా? నా అంకెలు మార్చేశావా తమ్ముడూ? అరవై నలుగురి గుడ్డ అది! ఒకసారి కత్తెర పడ్డాక మళ్ళీ అతుకుతుందా? నమ్మి చేతిలో పెడితే నా కొంప ముంచావు కదయ్యా!" కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అంటే అక్కా... మార్చిందంటే... మరీ మార్చడం కాదు..." మెకానిక్ మామగారి వైపు చూశాడు.

మామగారు గ్లాసు కింద పెట్టారు.

"ఇంక చాలు అల్లుడుగారూ. అమ్మా, నువ్వు కంగారు పడకు, ఒక్క అంకె కూడా మారలేదు." సంచీలోంచి ఒక నోటుబుక్కు తీసి ఆమె చేతిలో పెట్టారు. "లాప్‌టాప్ లేచిన మాట నిజం. నీ కొలతలు తెర మీద కనిపించిన మాటా నిజం. వాటిని బయటికి తీసే దారే లేదు. పెన్‌డ్రైవ్ గుచ్చే చోట్లు మూడుంటే పనిచేసేది ఒక్కటే. అందులో లినక్స్ పెన్‌డ్రైవ్ కూర్చుంది, దాంట్లో ఇంకేమీ పట్టదు, దాన్ని పీకితే అంతా ఆరిపోతుంది. ఇంటర్నెట్టు అందదు. లోపల డిస్కేమో టకటకా కొట్టుకుంటోంది, ఒకసారి ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. ఇక చేసేదేముంది? నిన్న పొద్దుట్నించి ఆయన తెర చూసి చదవడం, నేను రాయడం. మనిషికి తొమ్మిది కొలతలు, నా రాతేమో నెమ్మది. అన్నానికి కూడా లేవలేదమ్మా ఆయన, ఈలోగా అది ఎక్కడ ఆరిపోతుందోనని. అంతా అయ్యాక మళ్ళీ మొదట్నించీ సరిచూశాం."

టైలరక్క పేజీలు తిప్పింది. ముత్యాల్లాంటి రాత. భుజం, ఛాతీ, నడుం, చెయ్యి పొడుగు. వేలు పెట్టి వెతికి ఒకచోట ఆగింది.

"హెడ్ నర్సు, చెయ్యి ఇరవై రెండున్నర. అవును, ఇదే! నేను కొలిచిందే!" అని గట్టిగా ఊపిరి పీల్చుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నాకోసం ఇంత కష్టపడ్డారా! ఈ మాట చెప్తే పోయేదానికి, గుండె ఆగినంత పని చేశావు కదా తమ్ముడూ. ఆ లిఫ్టులూ ఫోన్లూ ఎందుకు?"

"పొద్దుట్నించి సాయంత్రం దాకా అంకెలు చదివానంటే ఎవరు వింటారక్కా?" అన్నాడు మెకానిక్, తల గోక్కుంటూ.

టీకొట్టు బాబాయ్‌కి ఇంకా ఏదో అంతుపట్టలేదు. "అది సరే గానీ అబ్బాయ్, తెర మీద కనిపిస్తూనే ఉందంటున్నారు. ఫోనుతో ఫొటోలు తీసుకుంటే పావుగంటలో అయిపోయేది కదా?"

మెకానిక్ ఖాళీ గ్లాసులోకి తొంగి చూశాడు.

"మా అమ్మాయీ అదే అడిగింది," అన్నారు మామగారు. "అరవై మూడో నర్సు అయ్యాక."

మెకానిక్ దిగ్గున లేచి నిలబడ్డాడు. "మరి అరవై నాలుగో ఆవిడది ఫొటో తీశాను కదా మావయ్యగారూ! అది చెప్పరేం?"

"మసగ్గా వచ్చింది అల్లుడుగారూ. అదీ నేనే రాశాను."