కడగని స్పాంజి

చేపల దుకాణం. బల్లకి ఇవతల కళ్ళజోళ్ళ వ్యాపారి, అతని భార్య. అవతల దుకాణం పెద్దాయన.

“అది కాదు బాబాయ్, ఆ పై అరలోది. నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పెద్ద ఫిల్టర్.”

“అన్నిటికంటే పెద్దది అడిగేవాడికి ఏం కావాలో తెలీదని లెక్క, అబ్బాయ్. ముందు ట్యాంకు ఎంత పొడుగో చెప్పు.”

“ఆరడుగులు.”

“ఆరడుగుల మీద ఒక జానెడండీ బాబాయ్ గారూ. ఆ జానెడు ఎందుకో కూడా అడగండి.”

“నువ్వుండవే.”

“మా బావగారి ట్యాంకు ఆరడుగులు. కాబట్టి మాది ఆరడుగుల జానెడు. ఇప్పుడు మా పడగ్గది తలుపు సగమే తెరుచుకుంటోంది. నేను పక్కకి తిరిగి వెళ్తున్నా. ఈయన పొట్ట ఇంకొంచెం పెరిగితే హాల్లోనే పడుకోవాలి.”

“బాబాయ్, ఫిల్టర్ చూపిస్తావా, మా ఆవిడ ప్రసంగం వింటావా?”

“రెండూ చేస్తా. వినడానికి నాకేం ఖర్చు కాదుగా. అయితే కళ్ళజోళ్ళ దుకాణంలో తోడల్లుళ్ళిద్దరూ విడిపోయిన మాట నిజమేనన్నమాట.”

“నీకు తెలియనట్టు.”

“తెలిసినా అడగాలి, అది మర్యాద. మరి ఆ పాత ట్యాంకు నేనిచ్చిందే కదా, ఏమైంది?”

“ట్యాంకు ఆయనకి, చేపలు మాకు. మా నాన్న కూర్చుని పంచాడు బాబాయ్ గారూ.”

“ట్యాంకు ఒకరికి, చేపలు ఒకరికా?”

“సగం సగం అన్నాడు మరి. దుకాణంలో సరుకు పంచే పని ఆయనకి అప్పజెప్పలేదు, బతికిపోయాం. ఫ్రేములు ఒకరికి, అద్దాలు ఒకరికి ఇచ్చుండేవాడు.”

“చేపలిప్పుడు ఎక్కడున్నాయమ్మా?”

“నీళ్ళ డ్రమ్ములో. నెలవుతోంది. రోజూ సగం నీళ్ళు తోడి కొత్తవి పోస్తున్నాను. పోసేది నేను, పౌరుషం ఈయనది.”

“మీ దుకాణంలోని ఆ పెద్ద చేప, మేనేజరు కూడా డ్రమ్ములోనేనా?”

“ఎక్కడుంటుంది బాబాయ్, లాడ్జిలోనా? అందుకేగా వచ్చింది. చలి మొదలైన దగ్గర్నుంచి మేత ముట్టడం లేదు. అడుగున ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. వేలు పెడితే కరిచేది, ఇవాళ కదల్లేదు.”

“ఈ కళ్ళజోడు నేను దాన్ని చూసే తీసుకున్నానయ్యా. ‘మేనేజరు పొలుసులు విడివిడిగా కనిపిస్తున్నాయా పెద్దాయనా’ అని నీ తోడల్లుడు, మీ అన్నయ్య అడిగేవాడు. కనిపిస్తేనే అద్దాలు సరిపోయినట్టు. ఇప్పుడు ఆ దుకాణంలో దేన్ని చూపిస్తున్నాడో పాపం.”

“ఏదో ఒకటి చూపిస్తాడులే. హీటర్ కూడా కావాలి. ఉన్నవాటిలో…”

“అన్నిటికంటే పెద్దది. తెలుసు. అది ఇవ్వను.”

“డబ్బిస్తానంటే ఇవ్వవా?”

“రేపు నువ్వే వచ్చి నా గుమ్మం ముందు తిడతావు, దానికి విలువ కట్టాలిగా. చూడు, ఒక్కటే పెద్దది పెట్టావనుకో. అది పాడై ఆగకుండా కాలితే తెల్లారేసరికి చేపలు ఉడుకుతాయి. అసలు కాలకపోతే బిగుసుకుపోతాయి. సగం బలమున్నవి రెండు పెట్టు. ఒకటి మొండికేసినా రెండోది కాస్తుంది. ఒకటి పిచ్చెక్కి కాలినా ట్యాంకంతా ఉడికించే బలం దానికి లేదు.”

“పక్కపక్కనే పెట్టాలా?”

“వద్దు. చెరో చివర. పక్కపక్కన పెడితే ఒకదాని వేడి చూసి రెండోది పని మానేస్తుంది.”

“మా దుకాణంలో జరిగింది కూడా అదేనండీ. వీళ్ళిద్దర్నీ చెరో చివర కూర్చోబెట్టాల్సింది.”

“నువ్వు ఎవరి పక్షమే?”

“నేను డ్రమ్ము పక్షం. బిందెలు మోసేది నేనే కదా.”

“సరే, రెండు హీటర్లు కట్టు బాబాయ్. ఫిల్టర్ సంగతేంటి? ఈ పెట్టె మీద రాసింది చూడు, గంటకి ట్యాంకు నీళ్ళన్నీ నాలుగుసార్లు తిప్పుతుందట.”

“లోపల ఏమీ లేకుండా ఖాళీగా తిప్పినప్పటి లెక్క అది. స్పాంజి పెట్టి, నాలుగు రోజులు మురికి పట్టాక చూడు, సగమే.”

“పెళ్ళికి ముందు చెప్పిన జీతంలాగా.”

“అమ్మాయి చక్కగా అర్థం చేసుకుంది. మేనేజరు లాంటివి తినేది ఎక్కువ, విసర్జించేది ఇంకా ఎక్కువ. దీని కింది సైజువి రెండు తీసుకో. ఒకటి శుభ్రం చేసే రోజున రెండోది నడుస్తుంది.”

“కట్టు. రెండూ కట్టు. ఇవాళే బిగించి, ఇవాళే చేపల్ని వదిలేస్తా.”

“వదిలేయ్. రేపు తీసేద్దువుగాని, వలతో.”

“అదేంటి బాబాయ్?”

“కొత్త ఫిల్టర్ అంటే ఖాళీ డబ్బానయ్యా. నీళ్ళు తిప్పుతుంది, అంతే. చేపల విసర్జనలో విషం ఉంటుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు స్పాంజిలో పట్టాలి. అవి కంటికి కనిపించవు, నేను అమ్మేవీ కావు. పట్టడానికి నెల పైన పడుతుంది.”

“మేనేజరు నెల ఆగుతుందా?”

“నువ్వు చెప్పిన దాన్ని బట్టి ఈ వారం ఆగితే గొప్ప.”

“మరి దారేదీ లేదా? అంత అనుభవం పెట్టుకుని నువ్వే అలా అంటే ఎలా?”

“ఉంది. బాగా నడిచిన ఫిల్టర్లోంచి మురికి పట్టిన స్పాంజి తెచ్చి, తడి ఆరకుండా కొత్తదాన్లో పెట్టు. ఇవాళే పని మొదలవుతుంది. కడగని స్పాంజి కావాలి. గుర్తుంచుకో, కడగనిది.”

“గుర్తుంచుకోండి. కడగనిదట.”

“ఆపవే.”

“బాబాయ్ గారికి తెలీదా ఏంటి? గొడవంతా దాని దగ్గరే కదండీ మొదలైంది. ఈయన స్పాంజి కడిగారు. సబ్బు పెట్టి, నురగ తేలేలా.”

“కంపు కొట్టింది, కడిగాను. పొద్దస్తమానం అద్దాలు తుడిచే చెయ్యి, మురికి చూస్తే ఊరుకోదు.”

“మర్నాడు రెండు చేపలు తేలాయి. ఎవడు కడిగాడని బావగారు అరిచారు. శుభ్రంగా ఉండటం కూడా తప్పేనా అని ఈయన. స్పాంజి పోయి లెక్కలొచ్చాయి, లెక్కలు పోయి మా పుట్టింటి మాటలొచ్చాయి. నేనూ మా అక్కా దుకాణం వెనక వంటింట్లో నిలబడి విన్నాం. ఇప్పుడు మేమిద్దరం ఫోన్లో గుసగుసగా మాట్లాడుకోవాలి, దొంగల్లాగా.”

“నీ ట్యాంకుల్లోంచి ఒక స్పాంజి ఇవ్వు బాబాయ్. పోనీ, కొత్త ఫిల్టర్ ధరే తీసుకో.”

“నా ట్యాంకుల్లో ఇప్పుడు తెల్లమచ్చల జబ్బు తిరుగుతోంది. స్పాంజితో పాటు అదీ వస్తుంది, ఉచితంగా. మేనేజరుని మోసిన ఫిల్టర్ ఒక్కటే ఉంది ఈ ఊళ్ళో. ఎక్కడుందో నీకు నా కంటే బాగా తెలుసు.”

“దాని మాట ఎత్తకు.”

“ఎత్తలేదు. దాని చుట్టూ తిరుగుతున్నా.”

“అయినా అదీ చచ్చే ఉంటుంది. చేపల విసర్జనే దాని తిండి అన్నావు. నెలగా ఆ ట్యాంకులో ఒక్క చేప లేదు. తిండి లేకుండా ఆ పురుగులు మాత్రం ఎన్నాళ్ళు బతుకుతాయి?”

“వారం. మహా అయితే రెండు.”

“చూశావా, నువ్వే చెప్పావు. వెళ్ళి అడిగి, కాదనిపించుకుని, చచ్చిన స్పాంజి మోసుకు రావాలా? అంత అవసరం నాకు లేదు. ప్యాక్ చెయ్యి.”

“చేస్తున్నా. రెండు ఫిల్టర్లు, రెండు హీటర్లు. మేత కూడా వెయ్యనా?”

“ఉంది. తినేవాడే లేడు.”

“అవున్లే. మేత ఇప్పుడు మీ అన్నయ్యే కొంటున్నాడు. మొన్నటితో మూడో డబ్బా. మేనేజరు తినే రకమే.”

“ఎవరూ, ఆయనా? అప్పుడే కొత్త చేపలు కొనేశాడా?”

“నా దగ్గరైతే కొనలేదు. మేతకొచ్చినవాడు ఒక్క చేప వైపు కూడా చూడలేదు.”

“మా అక్క కూడా చెప్పింది, ట్యాంకు ఖాళీగానే ఉందని. ఎవరి మీద కోపమో, ఫిల్టర్ మోటారు మాత్రం రాత్రీ పగలూ ఆపనివ్వడట బావగారు.”

“చేపలు లేని ట్యాంకులో మేతెందుకు?”

“నేనూ అడిగాను.”

“బాబాయ్ గారూ, ఇదంతా మేం రాగానే చెప్పొచ్చు కదండీ?”

“రాగానే చెబితే ఈ హీటర్లు ఎవరు కొంటారమ్మా?”

“అన్నయ్య ఏమన్నాడు బాబాయ్?”

“‘రోజూ చిటికెడు వేసి కుళ్ళబెడుతున్నా పెద్దాయనా, ఆ కుళ్ళే తిండిగా స్పాంజి చావకుండా. పౌరుషం తగ్గాక మావాడు దానికోసం రాక తప్పదు. నీ దగ్గరికొస్తే చెప్పు, ఈసారి సబ్బు ఇంట్లో పెట్టి రమ్మని’ అన్నాడు.”