కడిగిన కట్టెలు

హలో… ఆఁ, నేనే, బాయిలర్ దగ్గర్నుంచి. మీ బావని.

…

పొగకి నా గొంతు బొంగురుపోయింది, అది వదిలెయ్. ముందు నువ్వు చెప్పు, యార్డు నీ చేతిలోనే ఉంది కదా. బెల్టు మీద నాకు పంపుతున్నదేంటి?

…

కొమ్మల పొట్టే అయితే నీళ్ళు కారుతున్నాయేంట్రా?

…

వానా? ఎక్కడ పడింది? పైన మబ్బు తునక లేదు.

…

ఏంటీ? మళ్ళీ చెప్పు. కడిగించావా?

…

దుమ్ము లేస్తుందని… వచ్చే ఆఫీసర్ల తెల్లచొక్కాలు మాస్తాయని… అందుకని పైపు పెట్టి కుప్పంతా తడిపించావు. ఒరేయ్, అది కట్టెల కుప్పరా. చంటిపిల్ల కాదు, స్నానం చేయించడానికి.

…

ఉద్దేశం మంచిదే. నీ ఉద్దేశాలెప్పుడూ మంచివే, నా ప్రాణం తోడేస్తున్నవి అవే. ఇంట్లో ఎండు కట్టెల మీద చెంబుడు నీళ్ళు పోసి పొయ్యిలో పెట్టు, మీ అక్క నిన్నేం చేస్తుందో చూద్దాం. అడవిలో నరికాక మిగిలిన కొమ్మలు, బెరడు, కోత మిల్లు రంపపు పొట్టు… మనకి బొగ్గయినా నూనయినా అదే కదా. దాన్నే తడిపితే కరెంటు దేంతో తీయను, నా తలతోనా? వేడంతా ఆ నీళ్ళు ఇగరడానికే పోతోంది. ఆవిరి పడిపోతోంది. టర్బైన్ మూలుగుతోంది.

…

వాళ్ళు కూర్చునేది మీటరు ముందు, కుప్ప ముందు కాదు. కరెంటు ఆగకుండా వచ్చిందా లేదా, అంతే. ఇప్పటికి రెండుసార్లు వాళ్ళ తనిఖీలోనే మధ్యలో ఆగింది. ఇవాళా ఆగితే అనుమతి రద్దు, గేటుకి తాళం. నువ్వూ నేనూ, ఆ పొట్టు ఎత్తేవాళ్ళూ, అందరం రోడ్డు మీదే.

…

నేను అరవట్లేదు. …సరే, అరుస్తున్నాను.

…

కుప్ప లోపల పొడిగా ఉందా? చెయ్యి పెట్టి చూశావా, ఊరికే అంటున్నావా? …సరే. లోడర్‌తో పైపొర పక్కకి లాగించు. లోపలిది బెల్టు మీదికెక్కించు.

…

అది పొయ్యిదాకా వచ్చేలోపు మంట ఉండదురా. అదే నా ఏడుపు. అప్పటిదాకా దాన్ని నిలబెట్టాలి. బాగా ఎండిన చెక్క కావాలి, ఏదైనా సరే, చేత్తో విసిరేస్తాం. స్టోర్ వెనక పాత తలుపులుండాలి, చూడు.

…

నిన్ననే పారేయించావా. శుభ్రంగా ఉండాలని. బాగుంది.

…

ఉండు. ఆ సుత్తి చప్పుడేంటి?

…

వేదికా? దేంతో?

…

ఎండిన పలకలు…

ఒరేయ్, విను. విప్పించెయ్.

…

తెలుసు. నువ్వే దగ్గరుండి కట్టావని తెలుసు. దాని మీద నిలబడి మాట్లాడాలనుకున్నావనీ తెలుసు. మీ అక్క నీ చొక్కా ఇస్త్రీ చేస్తూ రాత్రంతా అదే చెప్పింది. నిన్ను చూడాలని బయల్దేరింది కూడా.

…

పనికిరానివాడన్న నోళ్ళన్నీ ఇవాళ మూయిద్దామనుకున్నావు. నాకు తెలీదనుకున్నావా? బాధగానే ఉందిరా నాకు. అయినా విప్పించు.

…

ఆఫీసర్లు నేల మీద నిలబడతారు. వాళ్ళకీ కాళ్ళున్నాయిగా.

…

నేనొచ్చి విప్పలేను. పొయ్యి తలుపు దగ్గర్నుంచి కదిలితే ఇక్కడ అయిపోయినట్టే. మంట ఎర్రబడింది, అంచులు నల్లబడుతున్నాయి. నీ చేతుల్లోనే ఉంది.

…

హలో?

…

ఒరేయ్, ఉన్నావా?

…

ఆ చప్పుడు… ఎవరు కొడుతున్నారు? నువ్వేనా?

…

పైన గుడ్డ పీకేసి కొట్టు. మేకులుంటే ఉండనీ, బూడిదలో ఏరుకుంటాం. విరిగినవి విరిగినట్టు పంపించు.

…

కారు గేటు దగ్గరికొచ్చిందా? రానీ. వాళ్ళని మీటరు గదికి పంపు. …ఆఁ, మనవాళ్ళు పలకలు తెచ్చారు. వేస్తున్నారు. ఇంకోటి వెయ్యండి… ఇంకోటి…

…

నువ్వు మాట్లాడకు, ఆవిరి గేజీలో ముల్లు చూస్తున్నాను.

…

పట్టుకుందిరా. పట్టుకుంది. ముల్లు పైకి కదిలింది.

…

ఎవరు, మీ అక్కా? వచ్చేసిందా? ఏమంటోంది?

…

వేదిక విరగ్గొడుతున్నావు, నీకేమైనా పిచ్చి పట్టిందా అంటోందా. ఇక్కడికి పంపించు. నా తమ్ముడేం చేశాడో చూడమని నేనే చూపిస్తాను మంట.

…

తమ్ముడనే అన్నాను. ఏం, అనకూడదా?

…

సరే సరే, ఆగకు, ఇంకా కావాలి. ఒంటిచేత్తో కొడుతున్నావేంట్రా… ఫోన్ కింద పెట్టు.