రెండో గేరు కుదుపు

జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో, ఒక అద్దె గరాజ్‌లో పాత అమెరికన్ కారు జాకీల మీద ఉంది. దాని కింద బావమరిది, పక్కన బావ.

“పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దింపేస్తున్నా బావా. కొత్తదైతే మెత్తగా మారుతుంది.”

“వద్దురా. బోల్టులు మళ్ళీ బిగించెయ్.”

“ఆపరేషనయ్యాక అక్క కుదుపులకు తట్టుకోలేదనే కదా కొత్తది తెప్పించావు?”

“అది వచ్చేసరికి మీ అక్కను సమాధి చేసేశాం.”

“పాతది ఎక్కువ రోజులు రాదు. ఆయిల్ కారుతోంది.”

“వచ్చినన్నాళ్ళే రానీ. రెండో గేరు పడి బండి కుదిపినప్పుడల్లా మీ అక్క ‘స్తోత్రం ప్రభువా’ అనేది. చర్చికి వెళ్ళేదాకా అదే పాట. నేను నవ్వేవాణ్ణి.”

“ఇప్పుడు?”

“దేవుణ్ణి నిలదీద్దామనే బండెక్కుతాను. కుదిపేసరికి నా నోట కూడా ఆ మాటే వస్తోంది. ఈమధ్య నేను చేస్తున్న ప్రార్థన అదొక్కటేరా.”