చేంతాడు మీద ఇంజన్

కదలొద్దంటే కదలొద్దయ్యా. ఎన్నిసార్లు చెప్పాల నీకు? కాళ్ళు ఈడ్చుకొని కారు కిందనుంచి బయటికి వచ్చేస్తానంటావే, ఆ కుడిచెయ్యి ఎవురిది? ఇంజన్‌కీ చట్రానికీ నడమ ఇరుక్కొని ఉండేది నీ చెయ్యే కదా.

నేను పట్టుకొనే ఉండా. తాడు ఈ రాతికంబానికి రెండు చుట్లు చుట్టి, ఒక కాలు కంబానికి తన్నిపెట్టి కూర్చొని ఉండా. ముడి వెయ్యమంటావా? ముడి వెయ్యాలంటే స్వల్ప వదులు చెయ్యాల. వదులు చేస్తే ఇంజన్ ఇంకా కిందికి దిగతాది. మిల్లులో ఇరవైయేండ్లు ఫిట్టరు పని చేసినోడివి, నువ్వే చెప్పు.

వేళ్ళు కదిలించు చూద్దాం. ఆఁ. కదులుతాండాయంటే సరి.

అరిస్తి, గొంతు పోయేదాకా అరిస్తి. ఈ పొద్దు వీధిలో ఎవురుంటారు? ఆయుధ పూజ అని అందరూ కలాసిపాళ్యం బస్టాండుకు పోయినారు, బస్సులకు గుమ్మడికాయ కొట్టేది చూసేదానికి. మీ అమ్మా పోయింది. ఎదురింట్లో నంజప్పన్న ఒక్కడే ఉండేది, ఆయప్ప తిని పడుకొంటే లేస్తాడా? అందుకే ఈ కిరసనాయిలు డబ్బాను ఇంకో కాలితో తంతా ఉండా. ఈ మోతకైనా లేచి రాకపోతాడా.

ఇంట్లో చైను ఉండాది. మిల్లులో అడిగి తెచ్చుకొంటివే, ఆ ఇనుప చైను, దాని కప్పి, కొక్కెం, అన్నీ ఉండాయి. జాకీ ఉండాది. ఈడికి ఇరవై అడుగులు. దేవుని గదిలో చాముండమ్మ పటం ముందర పసుపు కుంకుమ పెట్టుకొని కూర్చొని ఉండాయి. రేపు దశమి పూజ చేసి ఎత్తేదాకా ముట్టకూడదని పొద్దున నేనే అంటి. నువ్వేమంటివి? సరే ముట్టను, ఇంజన్ వేలాడదీసేదానికి బావికాడి గిలకా చేంతాడూ చాలు అంటివి. దేవుడూ లేడు, దయ్యమూ లేదు అని తిరిగేవాడివి, ఈ ఒక్క పొద్దే నా మాట వినాల్నా?

తెలుసు, తెలుసు. ఎల్లుండి బ్రేక్ ఇనస్పెక్టరు ముందర బండి నిలబెట్టాల. కొత్త ఇంజన్ నంబరు పుస్తకంలో ఎక్కించుకోవాల. ఆ తేదీ తప్పితే మళ్ళీ ఎప్పుడో. పదకొండు నెలలుగా ఇంట్లో ఇదే మాట కదా. ఎస్టేటు దొర వదిలేసి పోయిన అమెరికా కారు. తోలు సీట్లు, తలుపు వేస్తే చప్పుడే ఉండదు. దాని పాత ఇంజన్ గ్యాలన్‌కు తొమ్మిది మైళ్ళే పోతాదని, పీకేసి లారీ డీజిల్ ఇంజన్ పెడతానంటివి. మైసూరు పట్టుచీర కట్టుకొని సంతలో మూటలు మోసినట్ల ఉంటాదని నంజప్పన్న నవ్వినాడు. నువ్వూ నవ్వితివి. నేను నవ్వలేదు, నువ్వు చూడలేదు.

ఉండు. మాట్లాడొద్దు.

ఏమో టప్పుమన్నె.

పురి తెగింది. లేదు లేదు, దిగలేదు. నీ చెయ్యి మీద బరువు పెరిగిందా? నిజం చెప్పు. నన్ను సమాధానపరిచేదానికి చెప్పొద్దు.

సరే. ఉండా. నేను యాడికీ పోను.

ఇది విను. నంజప్పన్న వచ్చినాక ఈ మాట నా నోట రాదు. నాలుగు దినాల కింద జగిలీ అరుగు మీద కూర్చొని ఆయప్పతో చెప్తాంటివే, కారు రోడ్డెక్కితే మిల్లుకు రాజీనామా ఇచ్చి ఊటీ, తిరుపతి అని బాడుగకు తిరుగుతానని? తలుపు వెనకాల నేను వక్కలు కత్తరిస్తా ఉంటి. నాతో చెప్పలేదు నువ్వు. నంజప్పకు చెప్తివి. పదకొండు నెలలు ఆ కారుతో మాట్లాడితివి, మిగిలిన మాటలు నంజప్పతో. నాతో ఏముండాది, అన్నం పెట్టు, నీళ్ళు తోడు, అంతేనా?

అందుకే నిన్న నువ్వు మిల్లు నించి వచ్చేలోపలే చైను కడిగి పూజలో పెట్టేస్తి. భక్తి కాదయ్యా. పని ఆగిపోవాలని. ఆ తేదీ తప్పిపోవాలని.

అది కూడా కాదు నేను చెప్పాల్సింది.

ఈ తాడు మంచిది కాదు. పోయిన శుక్రవారమే నీళ్ళు తోడేటప్పుడు ఒక పురి తెగింది. ఆ చోట గుడ్డపేలిక చుట్టి పెట్టింది నేనే. పొద్దున నువ్వు తాడు గట్టిదేనా అని అడిగితివి. గట్టిదే అంటి. నీ కండ్లలోకి చూసే అంటి. తెగితే తెగనీ, ఇంజన్ కింద పడి పగిలితే పీడా పోతాది అనుకొంటి. నువ్వు దాని కిందికి దూరతావని నాకు తెలీదు. అమ్మ మీద ఆన, తెలీదు. ఇంజన్ పైనుంచే దించుతారు అనుకొంటి. నాకేం తెలుసు ఈ పనులు?

ఏమయ్యా.

ఏదో ఒకటి అను. తిట్టు. 

ఏమంటివి? గట్టిగా చెప్పు. తాడు చుట్టు జారకుండా చూసుకో అంటావా? ఇంతా విని చెప్పేది అదేనా?

చూసుకొంటా ఉండా. చర్మం ఊడినా వదల్ను.

అదో, నంజప్పన్న వస్తాండాడు. అన్నా, ఈడికి రావద్దు, నేరుగా దేవుని గదిలోకి పో. జాకీ పటం ముందర ఉండాది, ఎత్తుకొని రా. చెప్పులు ఇప్పొద్దు అన్నా, అట్లనే పో. దీపం తగిలి పడితే పడనీ.

నువ్వు మాత్రం కదలొద్దు. బయటికి వచ్చినాక నన్ను ఇంట్లో ఉంచుకొంటావో, పుట్టింటికి పంపిస్తావో, నీ ఇష్టం. ఆ చెయ్యి మంచిగా ఉంటే దానితోనే తలుపు చూపించు, పోతా.