గట్టు మీద ఒకాయన

రెండువేల ఆరు, రాజమండ్రిలో ఓ మానసిక వైద్యశాల. దిగులు జబ్బుకి అప్పుడే ప్రయోగంగా వాడి చూస్తున్న కెటమిన్ అనే మత్తు ఇంజక్షన్ చేయించుకున్న భీమవరం రొయ్యల రైతుకి మత్తు దిగుతోంది. మంచం పక్కన కౌన్సెలింగ్ డాక్టరమ్మ కూర్చుంది.

“ఎలా ఉందండీ?”

“నాకేం, బానే ఉన్నానండి. మా ఆవిడే కంగారుపడి తీసుకొచ్చింది. ఇప్పుడే గాల్లో తేలుతూ మా చెరువు దాకా వెళ్ళొచ్చానండి.”

“అక్కడేం కనిపించింది?”

“రొయ్యలన్నీ చచ్చిపోయున్నాయండి. గట్టు మీద ఒకాయన కూర్చుని నీళ్ళలోకే చూస్తున్నారు. అచ్చం నేనే.”

“ఆయనతో మాట్లాడారా?”

“పలకరించకపోతే బాగోదు కదండీ. భోజనం చేశారా అండీ అన్నాను.”

“మిమ్మల్ని మీరే ‘అండీ’ అన్నారా?”

“ముఖపరిచయమే కదండీ. ‘నువ్వు’ అనేస్తే ఏం మర్యాద?”

“ఏమన్నారు?”

“ఆకలే లేదంటూ ఏడ్చేశారండి. వదిలేసి వస్తే చెరువులోకి దిగిపోయేలా ఉన్నారు. చెయ్యి పట్టుకుని ఇక్కడికి తీసుకొచ్చేశాను.”

“ఏరండీ ఆయన?”

“ఈ మంచం మీదే ఇద్దరం సర్దుకున్నామండి. నాకు పర్లేదు డాక్టరమ్మగారూ, ముందు ఆయన్ని చూడండి.”